ఆరడుగుల సుతిలి

ఇప్పుడెందుకు

కిందటి చలికాలంలో నా గుండెను కొలిచారు. హైదరాబాదులో, ఒక ఎం.ఆర్.ఐ. గదిలో. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదంటే డాక్టరు రాసిచ్చిన పరీక్ష అది. ఉద్యోగమంతా ఇతరుల ఛాతీలకు ఎక్స్‌రే తీసినవాణ్ణి. "ఊపిరి పీల్చు, ఆపు" అని చెప్పడం అలవాటు గానీ, బల్లమీద పడుకొని ఒకరు చెబితే వినడం నాకు కొత్త.

పరీక్ష చేసిన అమ్మాయి పేరు సమీనా. మాటల్లో ఆమెది తాండూరని తేలింది. అక్కడి ఆసుపత్రిలో పదిహేనేళ్ళకు పైగా ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేశానని చెప్పగానే "అంకుల్" కాస్తా "సార్" అయింది. పరీక్ష అయ్యాక తన తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆ యంత్రం గుండెను అడ్డంగా, పొరలుపొరలుగా చూపిస్తుంది. ప్రతి పొరలోనూ ఎడమవైపు కింది గది లోపలి గోడ వెంట ఒక గీత గీయాలి. గది నిండినప్పుడు ఒకటి, పిండుకున్నప్పుడు ఒకటి. పొరలన్నీ కూడితే ఆ గదిలో ఎంత రక్తం పట్టిందో, ఒక్కో దెబ్బకు ఎంత బయటికి తోసిందో లెక్క వస్తుంది. మా కాలంలో గుండె అంటే ఫిల్ము మీద ఒక తెల్లటి నీడ, అంతే. ఈ అమ్మాయి మాత్రం అద్దె ఇల్లు చూసేవాళ్ళలా దాని గదుల్లో తిరుగుతున్నది.

అట్లా గీస్తూ గీస్తూ ఆగింది. వెనక్కి పోయి రెండు పొరలు మళ్ళీ చూసింది. పక్క గదిలో ఉన్న డాక్టరును పిలిచింది.

"సార్, నడిమి పొరలు రెండు తేడా కొడుతున్నయ్. అప్పుడు ఈ సార్ ఊపిరి వదిలిండు, నేను చూస్కోలే. గివిటితోనే కొలిస్తే గది లెక్క తప్పొస్తది. తప్పు నాదే. మళ్ళ తీస్త."

"తియ్యమ్మా" అని ఆయన వెళ్ళిపోయాడు. అంతే. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఆమె ముఖం కూడా వాడిపోలేదు. నేను మళ్ళీ బల్లమీద పడుకున్నాను. యంత్రం లోపల, ఆ దడదడ చప్పుళ్ళ మధ్య నాకు ఏడుపు వచ్చింది. ఊపిరి ఆపమంటే ఆపలేకపోయాను. పాపం, ఆమెకు ఇంకో పది నిమిషాలు దండగయ్యాయి.

"ఏమైంది సార్, భయమైందా?" అని అడిగింది బయటికి తీశాక.

"లేదు బిడ్డా. నువ్వు గిప్పుడు అన్న మాట నేను నీ వయసుల అనలేకపోయిన" అన్నాను.

ఆమె వదల్లేదు. సగం చెప్పాను. "రాసియ్యండి సార్, మా దగ్గర కొత్తగ చేరెటోళ్ళకు చదివి వినిపిస్త" అన్నది. సగం చెప్పినదాన్ని ఇక్కడ మొత్తం రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్లు, జరిగిన బదిలీలు రాయను. అవి నాకే గుర్తు లేవు.

ఖాదర్ సాబు

అరవై తొమ్మిదిలో వికారాబాద్ ఆసుపత్రిలో చేరాను. తెలంగాణ ఉద్యమం వల్ల బస్సు ఎప్పుడుంటుందో ఎప్పుడు ఉండదో తెలియని ఏడాది. మా ఊరు ధారూర్ పక్కన. ప్యాసింజరు రైలు దొరికితే రైల్లో, దొరక్కపోతే ఎవరినో బతిమాలుకొని సైకిలు వెనక కూర్చుని డ్యూటీకి వెళ్ళేవాణ్ణి.

గుట్టల గాలి మంచిదని క్షయ రోగులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చేవాళ్ళు. పొద్దంతా ఛాతీ ఫొటోలే. నాకు పని నేర్పింది ఖాదర్ సాబు. ఫిల్ములు కడిగే మందునీళ్ళలో నాని ఆయన గోళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గది దాటి వినిపించేది. నన్ను చూసిన మొదటి రోజే నా చేతిలో సుతిలి తాడు ఒకటి పెట్టాడు. ఒక కొసన ఇనుప కొక్కెం, ఇంకో కొసన ముడి. సరిగ్గా ఆరడుగులు. కొక్కెం ఎక్స్‌రే గొట్టానికి తగిలించాలి, ముడి ఫిల్ము పెట్టెను తాకాలి. తాకితేనే ఫొటో.

"సాబ్, స్టాండు మీద గుర్తులున్నయి గదా" అన్నాను, తెలివి ప్రదర్శిస్తూ.

"గుర్తు ఎవడో పెట్టిండు. సుతిలి నువ్వు పట్టినవ్. రేపు ఎవడన్న అడిగితే గుర్తు జవాబు చెప్తదా, నువ్వు చెప్తవా?"

ఆరడుగులు ఎందుకో దీపంతో చూపించాడు. గోడకు దగ్గరగా చెయ్యిపెట్టి దీపాన్ని దూరం జరిపితే నీడ చెయ్యంతే ఉంటుంది. దీపం దగ్గరికి తెచ్చి చేతిని గోడకు ఎడంగా పెడితే అదే చెయ్యి రెండింతలవుతుంది. గుండె రొమ్ముకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మనిషి రొమ్మును ఫిల్ముకు ఆనించి నిలబడాలి. గొట్టం వెనక నుంచి, ఆరడుగుల దూరాన ఉండాలి. అప్పుడే నీడ నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆ నీడలో గుండె అడ్డం కొలత ఎంత, పక్కటెముకల లోపల ఛాతీ అడ్డం కొలత ఎంత అని స్కేలు పెట్టి చూసేవాళ్ళు డాక్టర్లు. గుండె సగం దాటితే పెరిగినట్టు. మా కాలంలో గుండె కొలత అంటే ఇదే. ఏ గది పెరిగిందో చెప్పడానికి ఇంకా తిప్పలు పడేవాళ్ళం. ఎడమవైపు పై గది ఎదురుగా తీస్తే సరిగ్గా కనబడదు. రోగితో సున్నంలాంటి తెల్లటి మందు తాగించి పక్కకు తిప్పి తీసేవాళ్ళం. ఆ గది పెరిగి ఉంటే అన్ననాళాన్ని వెనక్కి నెట్టేది. పూడూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆడమనిషికి ఖాదర్ సాబు అట్లాగే కనిపెట్టాడు. అంతకుముందు ఆమెకు దమ్ము జబ్బని మందులిస్తున్నారు.

రెండో సంగతి ఊపిరి. నిండుగా పీల్చి ఆపితే ఊపిరితిత్తులు కిందికి దిగి గుండె నిలువుగా సాగుతుంది. అరకొరగా పీలిస్తే గుండె అడ్డంగా పరుచుకొని పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే ఖాదర్ సాబు ప్రతి రోగితోపాటు తానూ ఊపిరి పీల్చేవాడు. తాను పట్టి, రోగి పట్టాడా లేదా చూసి, అప్పుడు స్విచ్చి నొక్కేవాడు. రోజుకు యాభై మందికి యాభైసార్లు. "నువ్వు పట్టకుండ వాణ్ణి పట్టమంటే వాడు పట్టడు బేటా" అనేవాడు. సాయంత్రానికి ఆయనే రోగిలా కనిపించేవాడు.

నన్ను తాండూరుకు వేసినప్పుడు ఆ సుతిలి నాకిచ్చేశాడు. "తీస్కపో. నేను ఇంకోటి కట్టుకుంట" అన్నాడు.

స్టోరు గది

తాండూరులో ఎక్స్‌రే గది అంతకుముందు స్టోరు గది. ఈ గోడ నుంచి ఆ గోడకు మనిషినీ గొట్టాన్నీ నిలబెడితే మధ్య నాలుగడుగులు మిగిలితే గొప్ప. మొదటి రోజు సుతిలి ముడి నేలమీద వేలాడటం చూసి నాకు ఏం చెయ్యాలో తోచలేదు. క్షయ చూడటానికి ఆ దూరం చాలు. గుండె చూడటానికి చాలదు.

ఒక ఉపాయం కనిపెట్టాను. గదికి వెనక తలుపు ఉండేది, దాని అవతల వరండా. గుండె కోసం తీసే ఫొటోలకు ఫిల్ము స్టాండును వరండాలోకి జరిపి, మనిషిని అక్కడ నిలబెట్టి, గొట్టాన్ని లోపలి గోడ దాకా తోసేవాణ్ణి. అప్పుడు ముడి సరిగ్గా తాకేది. వరండాలో ఎవరూ లేకుండా తరమాలి, స్టాండు బరువు, చక్రాలు మొరాయించేవి. ఒక్కో ఫొటోకు పావుగంట. అయినా చేసేవాణ్ణి. కాదు, ఎక్కువసార్లు చేసేవాణ్ణి.

వరండాలో నిలబెట్టలేని రోగులూ ఉండేవాళ్ళు. లేవలేనివాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక ఫిల్ము పెట్టి, ముందు నుంచి దగ్గరగా తీయాల్సి వచ్చేది. అట్లా తీసిన ప్రతి ఫిల్ము మూలన తెల్లసిరాతో "కుర్చీ, మూడున్నర" అని రాసేవాణ్ణి. అది చదివిన డాక్టరుకు ఈ గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తున్నదని తెలుస్తుంది.

మా పెద్ద డాక్టరు మంచి చదువరి, చేతివాసి గల మనిషి. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఒకసారి రోగుల ముందే నేను ఫిల్ము గురించి ఏదో అన్నానని, "నీ పని ఫోటో తీయడం. చదవడం నా పని" అని అందరూ వినేలా అన్నాడు. ఇంకోసారి నేను మూలన రాసింది చూసి, "సాకులు రాయకు, సరిగా తియ్యి" అని ఫిల్మును బల్లమీద పడేశాడు. ఆ రెండు మాటలూ నాకు ముల్లులా గుచ్చుకున్నాయి. నా ముప్ఫై ఏళ్ళు నిండని రోషం అది.

వాన పడిన పొద్దు

డెబ్భై నాలుగు వానాకాలం. అటవీ శాఖలో కాపలా పనికి ఎంపికైనవాళ్ళు పన్నెండు మంది ఆరోగ్య పరీక్షకు వచ్చారు. పొద్దుటి నుంచి వరండాలో వరసగా తీస్తూ పోయాను. పది మంది అయ్యారు. పదకొండోవాడి దగ్గర వాన మొదలైంది. మామూలు వాన కాదు, ఏటవాలుగా కొట్టే వాన. స్టాండు తడిసింది, వరండాలో నీళ్ళు నిలిచాయి, మనిషి నిలబడే పరిస్థితి లేదు.

మిగిలిన ఇద్దరిలో ఒకడు బీరప్ప. దౌల్తాబాద్ పక్క పల్లె. కురుమ కుటుంబం, తండ్రి గొర్లకాపరి. కరువులో మంద పోయింది. బీరప్ప తాండూరు వచ్చి నాపరాతి గనిలో బండలు మోసే పనిలో చేరాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. పొట్టిగా, వెడల్పుగా, రాయిలాంటి మనిషి. వరసలో అందరికన్నా ఎక్కువ మాట్లాడిందీ అతనే.

"అడివిల చెట్టు చెట్టు నాకెర్క సారూ. మా నాయినెంబడి గొర్లు మేపిన. గనుల ఏముంది, బండ తప్ప? గీ కొలువైతే గాలి ఉంటది."

"పెండ్లయిందా?" అన్నాను, గొట్టం జరుపుతూ.

"మొన్న ఎండకాలమే అయింది" అని సిగ్గుపడ్డాడు.

ఆ ఇద్దరినీ రేపు రమ్మంటే సరిపోయేది. పేర్ల జాబితా మధ్యాహ్నానికి పంపాలని డాక్టరు పొద్దున రెండుసార్లు గుర్తుచేశాడు. వానలో తడిసి నాకు చిరాగ్గా ఉంది. ఇద్దరినీ లోపల కుర్చీలో కూర్చోబెట్టాను. వీపు వెనక ఫిల్ము, ముందు మూడున్నర అడుగుల దూరాన గొట్టం. లేవలేని రోగికి తీసినట్టు, రాళ్ళు మోసేవాడికి తీశాను. "గాలి పీల్చు, పట్టు" అన్నాను. నేను పీల్చలేదు. అతను పట్టాడో లేదో చూడలేదు. కొత్తచోటు, ఇనుప గొట్టం, బెదురుతో ఏదో కొంచెం పీల్చాడు. నొక్కేశాను.

ఫిల్ములు కడిగి ఆరబెట్టాను. తెల్లసిరా సీసా బల్లమీదే ఉంది. "కుర్చీ, మూడున్నర" అని రాయాలి. చెయ్యి సీసా దాకా వెళ్ళింది. సాకులు రాయకు అన్న మాట గుర్తొచ్చింది. మళ్ళీ మాట పడటం ఎందుకు అనుకున్నాను. రాయలేదు.

డాక్టరు ఒక్కో ఫిల్మునూ వెలుతురుకు పట్టి స్కేలుతో కొలుస్తున్నాడు. పదకొండోవాడు సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, గట్టెక్కాడు. బీరప్ప ఫిల్ము దగ్గర ఆగాడు. గుండె సగం దాటింది. బాగానే దాటింది.

ఇక్కడ నేను నిజం రాయాలి. ఈ సంగతి ఎవరికైనా చెప్పాల్సి వచ్చినప్పుడు ఇన్నేళ్ళూ డాక్టరు కోపాన్ని ముందుపెట్టి చెప్పుకున్నాను. ఆయన నోరెత్తనిచ్చేవాడు కాదు, నేనేం చెయ్యను అన్నట్టు. కానీ ఆ రోజు ఆయన స్కేలు పక్కన పెట్టి నన్ను అడిగాడు.

"నర్సింహులూ, ఇవన్నీ వరండాలో ఒకేలా తీసినవేనా?"

"అవును సార్" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఆయన నన్ను నమ్మాడు. 'గుండె పెరిగింది, అనర్హుడు' అని రాశాడు. బీరప్పను పిలిచి గుండెమీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. పక్కన వాన రేకులమీద దబదబా కొడుతున్నది, ఏం వినిపించిందో తెలియదు. "బరువులు ఎత్తకు. పరుగెత్తకు. గుండె పెద్దదయింది" అని చెప్పి పంపాడు.

బీరప్ప బయట నాకోసం ఆగాడు. ముఖంలో నెత్తురు లేదు.

"సారూ, గుండె పెద్దగైతే ఏమైతది?"

"ఏం గాదు. డాక్టరు చెప్పినట్టు ఉండు. ఫికర్ చెయ్యకు" అన్నాను.

మర్నాడు వాన వెలిసింది. వరండా పొడిగా ఉంది. జాబితా ఇంకా టైపు గదిలోనే ఉందని నాకు తెలుసు. పోయి, సార్, నిన్న అబద్ధం చెప్పాను, ఆ మనిషికి మళ్ళీ తీస్తానని ఒక్క మాట అంటే చాలు. భోజనం అయ్యాక చెబుదామనుకున్నాను. భోజనం అయ్యాక సాయంత్రం అనుకున్నాను. సాయంత్రానికి జాబితా వెళ్ళిపోయింది. ఏమో, అతని గుండె నిజంగానే పెద్దదేమో అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మనసుకు నచ్చజెప్పడంలో నన్ను మించినవాడు లేడు.

సమీనా తోటివాళ్ళకు

కొత్తగా చేరేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ యంత్రాలు మా గొట్టాలకు అందనంత ముందుకు పోయాయి. మీకు సుతిలి అక్కర్లేదు. అయినా సమీనా నాకు ఒక సంగతి చూపించింది. గుండె పై అంచున కవాటాల దగ్గర ఉండే పొరను గదిలో కలిపితే ఒక లెక్క, వదిలేస్తే ఒక లెక్క. గీత గీసే చెయ్యి మనిషిదే. ఊపిరి ఆగిందో లేదో చూసే కన్నూ మనిషిదే. కాగితం మీద అంకె పడ్డాక దాని వెనక ఏం జరిగిందో ఎవరికీ కనబడదు. ఆ అంకె పట్టుకొని ఒక మనిషి ఇంటికి పోతాడు, దాని ప్రకారం లేస్తాడు, కూర్చుంటాడు, తింటాడు.

ఫొటో తప్పుగా తీయడం అందరికీ జరుగుతుంది. నేను వందల ఫిల్ములు పాడుచేశాను, వాటిలో ఏదీ నాకు గుర్తులేదు. గుర్తున్నది రెండు మాటలు: "అవును సార్". ఇందుకు నేను మా డాక్టరును తప్పుపట్టను. కోపిష్ఠి పైఅధికారి కింద పనిచెయ్యడం కష్టమే, నిజమే. కానీ ఆయన అడిగాడు.

ఎనభై అయిదు

పదకొండేళ్ళు గడిచాయి. పెద్ద డాక్టరు బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఒక లేడీ డాక్టరు వచ్చింది. నేను ఇంకా అదే గదిలో ఉన్నాను. రోగులకు ఊపిరి పీల్చమని తెలుగులో, ఉర్దూలో, సరిహద్దు అవతలి నుంచి వచ్చేవాళ్ళకు కన్నడంలో చెప్పడం నేర్చాను. ఆ వాన రోజు తరువాత నిలబడగలిగినవాళ్ళ గుండె ఫొటో ఒక్కటి కూడా లోపల తియ్యలేదు, ఎవరికి తీసినా నేనూ ఊపిరి పట్టకుండా స్విచ్చి నొక్కలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

ఒక పొద్దున దగ్గుతూ ఒకతను వచ్చాడు. వెంట భార్య. పేరు ఎల్లమ్మ అని చీటీ రాయిస్తూ చెప్పింది. ముప్ఫై మూడేళ్ళ మనిషి యాభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. నేను గుర్తుపట్టలేదు. అతనే గుర్తుపట్టాడు.

"ఫొటో సారు గదా? నన్ను మర్చిండ్రు. నేను బీరప్పను. గుండె పెద్దగుందని కొలువు పోయినోన్ని."

 బల్ల పట్టుకొని నిలబడ్డాను. అతను మాత్రం పాత చుట్టాన్ని చూసినట్టు సంబరపడ్డాడు. ఆగి ఆగి, దమ్ము తీసుకుంటూ చెప్పాడు.

"గా దినం సంది నేను జాగ్రత్తగున్న సారూ. బరువు ఎత్తొద్దన్నరు గదా. సేటు కాళ్ళు మొక్కిన, బండలు మొయ్యలేను, కూసునే పని ఇయ్యమని. బండలు కోసే మిషిను కాడ ఏసిండు. కూసునే పనే. బరువు లేదు, ఉరుకుడు లేదు. దుమ్మొకటి ఉంటది, పిండి మిల్లుల ఉన్నట్టు. గంతే."

"ఇంట్ల ఏ పని చెయ్యడు సారూ" అన్నది ఎల్లమ్మ. అందులో నిష్ఠూరం లేదు, మురిపెమే ఉంది. "నీళ్ళ బిందె సుత ముట్టడు. మాకు ఒక్కతే బిడ్డ. ఆమెను సుత ఒక్కనాడు ఎత్తుకోలే. జాతరల అందరు నాయినలు పోరగాండ్లను భుజాల మీద కూసోబెట్టుకుంటె, మా ఆయన చెయ్యి పట్టుకొని నడిపిచ్చిండు. నేనే ఎత్తుకున్న."

"గుండె పగిలితే వాళ్ళను ఎవరు సాకుతరు సారూ?" అన్నాడు బీరప్ప.

స్టాండును వరండాలోకి తోశాను. కొక్కెం తగిలించాను. ముడి ఫిల్ము పెట్టెను తాకేదాకా గొట్టం జరిపాను, రెండుసార్లు చూసుకున్నాను. అతని రొమ్మును ఆనించి నిలబెట్టాను. "నాతోటి పీల్చు బీరప్పా" అన్నాను. ఇద్దరం పీల్చాం. నేను పట్టాను. అతను పట్టలేకపోయాడు, దగ్గు ముంచుకొచ్చింది. గుట్ట అవతలి గొర్లను కేకతో మళ్ళించిన ఇంటి మనిషి. మూడోసారికి, చెంబెడు నీళ్ళు తాగాక, కొంచెంసేపు పట్టాడు.

డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కింద ఫిల్ము మందునీళ్ళలో తేలింది. ముందు గుండె వచ్చింది. స్కేలు అక్కర్లేదు. సగం దరిదాపుల్లో కూడా లేదు. చిన్నగా, నిటారుగా, పాఠం చెప్పడానికి గోడకు తగిలించే ఫొటోలోలా ఉంది. నిండుగా ఊపిరి పట్టకపోయినా అంతే ఉంది. ఆ తరువాత ఊపిరితిత్తులు వచ్చాయి. రెండు వైపులా పైనుంచి కిందిదాకా పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఆ తడి ఫిల్మును ఆరడానికి తగిలించాను. తలుపు అవతల అతని దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ దుమ్ము దగ్గర అతన్ని కూర్చోబెట్టింది నేను.

బయటికి రాగానే అతను ఊపిరితిత్తుల గురించి అడగలేదు.

"గుండె ఎట్లుంది సారూ?"

"మంచిగుంది" అన్నాను. "సగం కంటె తక్కువే ఉంది."

అతని ముఖం వెలిగిపోయింది. "ఇన్నవా ఎల్లమ్మా! తగ్గిందట! పదేండ్లు ఊకె కూసోలే నేను. కూసున్నందుకే తగ్గింది." నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మీరు గప్పుడు ఫొటో తియ్యకపోతే బండలు మోసి మోసి సచ్చిపోయెటోన్ని సారూ."

నేను ఆ దండాన్ని తీసుకున్నాను. అది రెండో అబద్ధం, ఈసారి నోరు కూడా తెరవకుండా. ఊపిరితిత్తుల సంగతి లేడీ డాక్టరు చెప్పింది. మిషను పని మానెయ్యమన్నది, మందులు రాసింది. ఆ దుమ్ము ఒకసారి లోపలికి పోతే బయటికి తెచ్చే మందు లేదని నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

దౌల్తాబాద్ పక్క పల్లె

రెండు నెలలు నిద్ర లేదు. ఒకనాడు వికారాబాద్ పోయి, రిటైరై ఇంటిపట్టున ఉన్న ఖాదర్ సాబుతో మొత్తం చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను, తిడితే బాగుండును. "నాకెందుకు చెప్తున్నవ్ బేటా? వాని బాకీ వానికి చెప్పు" అన్నాడు. చాయ్ కూడా తాగమనలేదు.

ఆ ఆదివారమే కొడంగల్ బస్సెక్కి, దౌల్తాబాద్ వైపు ఇంకో బస్సు మారి, వాళ్ళ ఊరు పోయాను. జేబులో సుతిలి ఉంది. ఎందుకు తీసుకుపోయానో తెలియదు. బీరప్ప గోడకు చేరగిలబడి మంచంమీద కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదట. నన్ను చూసి లేవబోయాడు, భుజం పట్టి కూర్చోబెట్టాను. పెరట్లో వాళ్ళ కూతురు, పదేళ్ళ పిల్ల, గొర్రెపిల్లకు ఆకు తినిపిస్తున్నది.

అన్నీ చెప్పాను. వాన, కుర్చీ, మూడున్నర అడుగులు, తెల్లసిరా. డాక్టరు అడిగిన మాట, నేను చెప్పిన జవాబు. సుతిలి బయటికి తీసి, ఇంత దూరం ఉండాలి, ఇంత దగ్గరగా తీశానని చూపించాను. ఎల్లమ్మ గడపమీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బీరప్ప ముడిని వేళ్ళతో తడుముతూ విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టే దమ్ము అతనికి లేదని ఆ వెంటనే గుర్తొచ్చింది.

ముడి వదలకుండానే అడిగాడు.

"అంటే సారూ, గా దినం నా గుండె మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె బీరప్పా."

"నడుమ ఏండ్లల్ల సుత?"

"ఎన్నడు పాడు గాలే."

అడవి కొలువు గురించి అంటాడనుకున్నాను. దుమ్ము గురించి అంటాడనుకున్నాను. దేనికైనా సరే అని తల వంచుకొని కూర్చున్నాను. అతను పెరటివైపు చూశాడు. పిల్ల గొర్రెపిల్లను చంకన వేసుకొని అటూ ఇటూ తిరుగుతున్నది.

"గట్లయితే," అన్నాడు, ఊపిరి అందక ఆగి, మళ్ళీ పీల్చుకొని, "నా బిడ్డను ఎత్తుకునెటోన్ని గదా సారూ."